కమాషాలో బుట్టలల్లడం చూడాలంటే

పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలో రెండు రోజులే ఉంటాం, అమ్మగారు ఎక్కువ నడవలేరు, బుట్టల అల్లికకు పేరున్న కమాషా ఊళ్లో అల్లేవాళ్లు కనిపిస్తారా, దుకాణాలేనా అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, ఒక్క పూట చాలు.

దీవి రాజధాని ఫుంషాల్ నుంచి కమాషా పది కిలోమీటర్ల దూరం. బస్సులున్నాయి కానీ అంతా కొండ మలుపులే, అమ్మగారికి టాక్సీయే నయం. ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద ఎండ కాస్తున్నా పైన మబ్బు కమ్మేస్తుంది, స్వెటర్ మరచిపోవద్దు.

అల్లేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. అందుకే పనిదినాన, పొద్దున్నే వెళ్లండి. దుకాణంలో అడుగుపెట్టగానే "ఎవరైనా అల్లుతున్నారా, చూడొచ్చా?" అని అడగండి. మన మేదరులు వెదురును చీల్చి బద్దలు తీస్తారు. ఇక్కడ విల్లో చెట్టు సన్నటి కొమ్మల్ని గంటల తరబడి ఉడకబెట్టి బెరడు ఒలుస్తారు. ఆ తేనెరంగు ఉడికినందువల్ల వచ్చిందే, పెయింట్ కాదు. అల్లే ముందు మళ్లీ నానబెడతారు, లేకపోతే వంచగానే పుటుక్కుమంటుంది. ఆ తడి పుల్లను ఒకసారి అమ్మగారి చేతికి ఇప్పించండి, ఆవిడకు ఇట్టే అర్థమవుతుంది.

కొనేటప్పుడు బుట్ట తిరగేసి అడుగు చూడండి. పుల్లల చివర్లు లోపలికి దోపి ఉంటే పనితనం ఉన్నట్టే. పెద్దవి విమానంలో కష్టం, రొట్టెల బుట్ట సరిపోతుంది.

టైముంటే ఫుంషాల్ పైన కొండమీదున్న మోంటెలో, మనుషుల్ని ఎక్కించుకుని వాలు రోడ్డుమీద కిందికి జారే, ఇదే అల్లికతో చేసిన బండ్లు కూడా చూడండి. ఎక్కడం మాత్రం అమ్మగారికి వద్దు.