ఆడపక్షి తోకనే చూస్తోందని ఎలా తేల్చారు?

విడోబర్డ్ లాంటి పక్షుల్లో మగపక్షి పొడవాటి తోక ఎగరడానికి అడ్డు కదా, అది తరాలు దాటి ఎలా నిలిచింది అని అడిగారు. ఆడపక్షి తోకను చూస్తోందా, మంచి స్థావరాన్ని (మగపక్షి తనదిగా కాపాడుకునే చోటును) చూస్తోందా అన్నది మీ రెండో సందేహం. ముందు దాన్నే తీసుకుందాం.

స్వీడన్ జీవశాస్త్రవేత్త మాల్టే ఆండర్సన్ 1982లో ప్రచురించిన ప్రయోగం చూడండి. కెన్యా గడ్డిమైదానాల్లో ఉండే విడోబర్డ్ జాతి మగపక్షి తోక దాదాపు అర మీటరు. ఆయన కొన్నింటి తోకలు కత్తిరించి, ఆ ఈకలను మరికొన్నింటికి జిగురుతో అతికించారు. కత్తిరింపు వల్లే తేడా వచ్చిందేమో అన్న అనుమానం మిగలకుండా, ఇంకొన్నింటి తోక కోసి మళ్లీ అదే పొడవుకు అతికించారు. (నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ జాగ్రత్తే.) తోక పొడిగించిన మగపక్షుల స్థావరాల్లోనే కొత్త గూళ్లు ఎక్కువగా వెలిశాయి, అంటే ఎక్కువ ఆడపక్షులు వాటినే ఎంచుకున్నాయి. ఆయన మార్చింది తోక పొడవునే కాబట్టి, ఆడపక్షి చూస్తోంది తోకనే అని తేలింది.

ఇక మొదటి ప్రశ్న. తోక వల్ల ఆయుష్షు కొంత తగ్గినా, సంతానం అంతకుమించి పెరిగితే ఆ లక్షణం నిలుస్తుంది. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త ఫిషర్ వివరణ ప్రకారం, కొడుకులకు పొడవాటి తోక, కూతుళ్లకు దానిపై ఇష్టం ఒకే కుటుంబంలో సంక్రమిస్తాయి కాబట్టి రెండూ కలిసి పెరుగుతాయి. ఆ పెరుగుదల ఎక్కడ ఆగుతుందంటే, తోక తెచ్చే నష్టం జతలు దొరికే లాభంతో సమానమైన చోట.