నా నాణేలకు మార్కులు ఎవరు వెయ్యాలి?

(ముప్పై నాలుగేళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో పనిచేసి, చిన్నప్పటి నుంచీ నాణేలు సేకరిస్తున్న మా శీర్షిక నిర్వాహకురాలు ఈసారి రెండు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను జగిత్యాల వైపు ఆర్టీసీ బస్సులో కండక్టర్‌ని. డ్యూటీలో చేరినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా, టికెట్ డబ్బుల్లో వచ్చే హైదరాబాద్ మింట్ (టంకశాల) నాణేలు ఏరి పెట్టుకుంటున్నాను. సంవత్సరం కింద ఆ మింట్ గుర్తయిన నక్షత్రం కనిపిస్తే నా జేబులోంచి అంత డబ్బు బ్యాగులో వేసి ఆ బిళ్ల తీసుకుంటాను. ఏ రూటులో ఏ రోజు దొరికిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఈ మధ్య ఒక నాణేల ప్రదర్శనలో పోటీ ఉందంటే నా సెట్టు పెట్టాను. ఫస్ట్ ప్రైజ్ ఒక వ్యాపారి గారికి వచ్చింది. ఆయనవన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో సీలు చేసిన గ్రేడెడ్ కాయిన్స్. 66, 67 నంబర్లు. రెండు వేలంపాటల్లో మొత్తం కొనేశానని ఆయనే చెప్పారు. నా ఫ్రేము దగ్గర జడ్జి గారు నిమిషం కూడా నిలబడలేదు. "అన్నీ అరిగినవే కదా" అని వెళ్లిపోయారు. ఇది న్యాయమేనా? సొసైటీ లోన్ రెండు లక్షలు తీసి నేనూ గ్రేడెడ్ సెట్టు కొందామనుకుంటున్నాను. మా ఇంటావిడ వద్దంటోంది. ఇంకో మాట. ఆ రోజు నుంచి బ్యాగులో చిల్లర వంక చూడబుద్ధి కావడం లేదు.

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ ఆఖరి మాట దగ్గరే మనసు చివుక్కుమంది. ప్రైజ్ పోయిందన్న బాధ నాలుగు రోజుల్లో తగ్గుతుంది. చిల్లర వంక చూడబుద్ధి కావడం లేదన్నది మాత్రం ఊరికే వదిలేసే మాట కాదు.

ముందు లోన్ సంగతి. వద్దు. మీ ఇంటావిడ చెప్పింది వినండి. వేలంలో పాడిన ధర మీద కమిషన్ ఉంటుంది, పన్ను ఉంటుంది. అవసరం పడి మర్నాడే అమ్మబోతే అంత డబ్బు తిరిగి రాదు. అప్పు మీద వడ్డీ మాత్రం నెలనెలా జీతంలో కోసుకుంటారు. నా కౌంటర్ ముందు నిలబడి ఇలాంటి కిస్తీలు కట్టినవాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

ఇక న్యాయం మాట. ఆ 66, 67 అంటే ఏమిటో తెలిస్తే మీకు కొంత ఊరట. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్, తమ దేశపు పాత పెద్ద సెంట్లనే రాగి నాణేల కోసం 1 నుంచి 70 వరకు ఒక కొలత పెట్టాడు. గ్రేడు పెరిగినకొద్దీ ధర ఎలా పెరగాలో లెక్క కట్టడానికి పుట్టిన కొలత అది. 1980ల రెండో సగంలో అక్కడ పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే కంపెనీలు వచ్చి నాణెం చూసి నంబరు వేసి డబ్బాలో సీలు చెయ్యడం మొదలుపెట్టాయి. 60 నుంచి పైన ఉన్నది వాడకంలోకి రాని నాణెం. 70 అంటే ఒక్క మచ్చ కూడా లేనిది. తర్వాత ఆ కంపెనీలే సెట్లకు ర్యాంకుల జాబితాలు పెట్టాయి. ఉదాహరణకు పీసీజీఎస్ జాబితాలో ఒక్కో నాణెం గ్రేడుకు దాని అరుదుతనాన్ని బట్టి ఎక్కువ తక్కువ ప్రాధాన్యం ఇచ్చి, సెట్టు ఎంత పూర్తయిందో చూసి స్కోరు ఇస్తారు. ఆ లెక్కలో బిళ్ల మీరు ఏరిందా, కొన్నదా అన్న ప్రశ్నే రాదు. అది రాదని వాళ్లు ముందే చెప్తారు కాబట్టి అక్కడ ఎవరికీ అన్యాయం జరగదు. ఇష్టమున్నవాళ్లే ఆ ఆటలో దిగుతారు.

ఆ ఆటలోనూ తిరకాసులు లేకపోలేదు. 65 వచ్చిన నాణేన్ని డబ్బా పగలగొట్టి మళ్లీ పంపితే ఒక్కోసారి 66 వస్తుంది. బిళ్ల అదే, చూసిన కళ్లు వేరు. ఆ ఒక్క అంకెకు ధర ఎన్నో రెట్లు పెరిగే సందర్భాలున్నాయి. అందుకని ఒకే నాణేన్ని మూడు నాలుగుసార్లు పంపేవాళ్లూ ఉన్నారు. ఎక్కువసార్లు ఫీజు కట్టగలిగినవాడికి ఎక్కువ అవకాశాలు.

మీ ప్రదర్శనలో తప్పు ఎక్కడ జరిగిందంటే, నిర్వాహకులు రెండు వేరు వేరు పందేలను ఒకే గీత మీద నిలబెట్టారు. చలామణిలోంచి ఏరిన సెట్టు అరగకుండా ఎలా ఉంటుంది? వందల చేతులు మారినందుకే కదా అది మీ చేతికి వచ్చింది. మార్కులు దేనికి ఎన్నో ముందే కాగితం మీద పెట్టి ఉంటే మీరు ఆ వరసలో ఫ్రేము పెట్టేవారే కాదు. ఆ వ్యాపారి గారి మీద మాత్రం కోపం పెట్టుకోకండి. ఏది కొనాలో, ఎంతలో ఆగాలో తెలుసుకోవడానికి ఆయనా కొన్నేళ్లు చదివే ఉంటారు. దాచకుండా కొన్నానని చెప్పారు కూడా. అది పెద్దమనిషి తనం.

జడ్జి గారి విషయంలో నా తప్పొకటి మీకు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో నన్ను జడ్జిగా పిలిచారు. నలభైకి పైగా ఫ్రేములు, రెండు గంటల టైం. మెరుస్తున్న వెండి రూపాయల ఫ్రేముకు ఫస్ట్ ఇచ్చేశాను. సాయంత్రం సర్దుతుంటే, మూల ఫ్యాన్ కింద ఉన్న ఒక ఫ్రేమును అప్పుడు నిలబడి చదివాను. పాలిటెక్నిక్ కుర్రాడిది. ఒకే ఏడాది రూపాయి బిళ్లలు పన్నెండు, కొత్తదాని నుంచి పూర్తిగా అరిగినదాని దాకా వరసగా పెట్టాడు. సింహాల మీద ఏ గీత ముందు చెరిగిపోతుందో, ఏది చివరిదాకా నిలుస్తుందో ఒక్కోదాని కింద పెన్సిల్‌తో బొమ్మ గీసి చూపించాడు. పన్నెండు రూపాయల ఖర్చుతో అరుగుదల అంటే ఏమిటో అంత బాగా చూపించినవాళ్లను నేను అప్పటిదాకా చూడలేదు. నేను మధ్యాహ్నం దాని శీర్షిక చదివి ముందుకు వెళ్లిపోయాను. పరుగున బయటికి వెళ్తే కుర్రాడు అప్పటికే బస్సెక్కేశాడు. ఆ తర్వాత ఎవరు జడ్జిగా పిలిచినా రెండు షరతులు పెట్టాను: మార్కుల కాగితం ముందే గోడకు అంటించాలి, ప్రతి ఫ్రేముకూ కనీసం మూడు నిమిషాలు ఇవ్వాలి. ఒప్పుకోకపోతే వెళ్లలేదు.

మీరు కూడా ఆ నిర్వాహకులకు ఒక ఉత్తరం రాయండి. వచ్చే ఏడాది చలామణి నాణేలకు వేరే విభాగం పెట్టమని, ఏ ఫ్రేముకు ఎందుకు ఎన్ని మార్కులు వేశారో చివర్లో చూపమని అడగండి. ఫిర్యాదులా కాకుండా విన్నపంలా రాయండి. చాలా చోట్ల వీటిని నడిపేది జేబు డబ్బులు పెట్టుకునే నలుగురైదుగురు. చెప్తే వింటారు.

ఇప్పుడు అరిగినవి అన్న మాట దగ్గరికి వస్తాను. మా నాయనమ్మ మెడలో నల్లపూసల మధ్య ఒక హాలీ రూపాయి వేలాడేది. ఆమె పోయాక అది నాకొచ్చింది. మన నిజాం రూపాయి, 11.18 గ్రాములు, ఒక వైపు చార్మినార్. పై అంచున కొండీ అతికించిన మచ్చ ఉంది. ఒక డీలర్‌కి చూపిస్తే, అతుకు మచ్చ ఉన్నదానికి గ్రేడు నంబరు రాదు, వెండి ధర ఇస్తానన్నాడు. గ్రేడు సంగతి ఆయన చెప్పింది నిజమే. పైగా వందేళ్లు దాటిన నాణేన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మనం దేశం దాటించకూడదు, కాబట్టి అమెరికాకు పంపే మాటే లేదు. ఇంటికొచ్చి పదింతలు చూపించే భూతద్దం కింద పెట్టాను. చార్మినార్ నడిమి కమానులో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలంలో అది మీమ్. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాక ఐన్. తొలి బిళ్లల మీద ఆ ఐన్ పొట్టిగా ఉండేది, తర్వాత నిండుగా వేశారు. మా నాయనమ్మ రూపాయి మీద ఉన్నది పొట్టి ఐన్. చుట్టూ అంతా అరిగిపోయినా, కమాను గుంటలో ఉండటం వల్ల ఆ చిన్న అక్షరం మాత్రం మిగిలింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినడం మర్చిపోయాను. ఏ పోటీలోనూ దానికి ఒక్క మార్కు రాదు. ఎవరికీ అమ్మను కూడా.

మీ దగ్గర అలాంటి సొత్తు ఒకటుంది, అదే మీరు పోటీకి తీసుకెళ్లలేదు. మీ నోట్‌బుక్! ఇరవై రెండేళ్లు, ఏ రూటు, ఏ తేదీ, ఏ బిళ్ల. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. ఆ నెలలో జనం డబ్బాల్లో దాచిన పావలాలు మీ బస్సులోకి ఎలా వచ్చిపడ్డాయో మీ నోట్‌బుక్‌లో ఉండే ఉంటుంది. పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ల ఏ ఏడాది నుంచి కనపడటం తగ్గిందో ఉంటుంది. మన టంకశాల సైఫాబాద్ నుంచి 1997లో చర్లపల్లికి మారింది కదా. మారకముందు కొట్టినవి, మారాక కొట్టినవి ఎంతెంత నిష్పత్తిలో మీ చేతికొచ్చాయో లెక్క తీయొచ్చు. అంత డబ్బున్న వ్యాపారి గారు కూడా ఈ నోట్‌బుక్‌ని ఏ వేలంలోనూ కొనలేరు. వచ్చేసారి ఫ్రేములో ఇరవై బిళ్లలు పెట్టండి చాలు. ఒక్కో దాని పక్కన నోట్‌బుక్‌లోని ఆ పేజీ జిరాక్స్ అంటించండి. మీ రూట్ మ్యాపు గీసి, ఏ స్టేజీ దగ్గర ఏది దొరికిందో చుక్క పెట్టండి.

మీ రూటు పక్కనే కోటిలింగాల ఉంది. గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో వానలకు పైకి తేలిన చిన్న చిన్న అరిగిన నాణేలను స్థానికులు ఓపికగా ఏరి పెడితే, శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటి మీద శాతవాహన మూలపురుషుడు సిముకుడి పేరు చదివారు. శాతవాహనులు ఎక్కడివారన్న వాదమే మలుపు తిరిగింది. అక్షరం ఆనవాలు మిగలడమే గొప్ప అనిపించే బిళ్లలవి. సెలవు రోజున ఒకసారి ఆ దిబ్బ చూసి రండి. ఒకవేళ ఏదైనా కంటపడితే జేబులో వేసుకోకండి, 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అధికారులకు అప్పగించండి.

రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి. నక్షత్రం కోసం వెతక్కండి. 1950ల, 60ల నాటి మన హైదరాబాద్ బిళ్లల మీద నక్షత్రానికి ముందు చీలిక ఉన్న డైమండ్, నడుమ చుక్క ఉన్న డైమండ్ గుర్తులు వేసేవారు. అవి ఇప్పుడు టికెట్ డబ్బుల్లో రావు. ఏ అవ్వ ట్రంకు పెట్టెలోనో ఉంటాయి. ముందు సీట్లో కూర్చునే ముసలివాళ్లను అడిగి చూడండి. ఏం దొరికిందో నాకు రాయండి.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. బడిలో "పాత వస్తువుల పోటీ"కి నాణేలు తీసుకెళ్తానంటే, మా అమ్మ తన దగ్గరున్న పాత రాగి డబ్బులను చింతపండుతో తోమబోయింది. మెరిస్తే ప్రైజ్ వస్తుందట. పాప స్నేహితురాలికి వాళ్ల నాన్న ఆన్‌లైన్‌లో తయారుగా ఉన్న ఆల్బమే తెప్పించాడు. మా పాప దిగులుగా ఉంది. ఏం చెయ్యమంటారు? – గుంటూరు నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, చింతపండు గిన్నె వెంటనే పక్కన పెట్టించండి. పులుపు రాగి పైపొరను తినేస్తుంది, తోముడుకు సన్నని గీతలు పడతాయి. ఎనభై ఏళ్లుగా పట్టిన ఆ గోధుమ రంగు మళ్లీ రాదు. మరీ మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు ఉంచి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దండి. అంచులు పట్టుకోమని పాపకు నేర్పండి. చౌక ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. కాగితం కవర్లు చాలు.

మీ అమ్మగారి దగ్గర చిల్లు కాణీ ఉండే ఉంటుంది. 1943 నుంచి 47 దాకా వచ్చిన, నడుమ కన్నం ఉన్న బిళ్ల అది. యుద్ధం రోజుల్లో రాగి ఆదా చెయ్యడానికి అలా కొట్టారు. చేతిలో చిల్లు కాణీ లేదు అని మనం ఇవాళ్టికీ అంటున్నది దాని గురించే. ఆ బిళ్లతో అప్పట్లో ఏం కొనుక్కునేదో, బేడకు (రెండణాలకు), పావలాకు ఏం వచ్చేదో మీ అమ్మగారిని అడిగి, ఆమె చెప్పినట్టే పాప చేత అట్ట మీద రాయించండి. స్నేహితురాలిని కూడా ఇంటికి పిలవండి, ఇద్దరూ కలిసి వింటారు. వీలైతే పోటీ రోజు అమ్మమ్మను బడికి తీసుకెళ్లి ఆ బల్ల పక్కన కుర్చీ వేయించండి.