బ్యాటరీ భయం సరే, కిలోమీటర్ల లెక్క చూసుకున్నారా?

ప్రశ్న: ఇల్లు చిత్తూరులో, ఉద్యోగం తిరుపతిలో. రోజూ కారులోనే పోయి వస్తా. పాత డీజిల్ బండి ఇచ్చేసి స్ట్రాంగ్ హైబ్రిడ్ టయోటా హైరైడర్ తీసుకుందామంటే మా బావమరిది ఒకటే నస: "బ్యాటరీ పోతే ఆరేడు లక్షలు పెట్టాలి, కారు అమ్మినా అంత రాదు" అని. నిజంగా అంత అవుతుందా సార్? - ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ బావమరిది ఎలక్ట్రిక్ కారు లెక్క తెచ్చి హైబ్రిడ్ నెత్తిన పెట్టాడు. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌కు తోడుగా చిన్న బ్యాటరీ, మోటారు ఉండే కారు, ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే పని లేదు. మొదట వచ్చిన నెక్సాన్ ఈవీలో బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు, అంటే కరెంటు బిల్లులో మనం యూనిట్ అంటామే, అవి ముప్ఫై. హైరైడర్ హైబ్రిడ్‌లో ఉండేది 0.76, ఒక యూనిట్ కూడా పూర్తిగా లేదు. డిక్కీ కింద సర్దేసిన చిన్న పెట్టె అది. అలాగని ధర కూడా నలభయ్యో వంతే ఉంటుందనుకోకండి, సెల్స్‌తో పాటు కంట్రోల్ యూనిట్, కేసింగ్, లేబర్, జీఎస్టీ అన్నీ కలుస్తాయి. షోరూంలో సేల్స్ కుర్రాడిని అడిగితే "అసలు పోనే పోదు సార్" అంటాడు, అతన్ని వదిలేసి సర్వీస్ సెంటర్ పార్ట్స్ కౌంటర్‌కు వెళ్లి లేబర్, పన్ను కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

అయితే మీ విషయంలో నాకు వేరే చోట టెన్షన్. కంపెనీ ఈ బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందయితే అది. అందరూ ఎనిమిదేళ్ల దగ్గరే ఆగిపోయి ఆ రెండో ముక్క చదవరు. పోను 70, రాను 70, ఏడాదికి 250 రోజులు వేసుకున్నా 35,000 కిలోమీటర్లు. అంటే మీ వారంటీ ఐదేళ్లు కూడా నిండకుండానే అయిపోతుంది. ఊళ్లో మార్కెట్‌కూ గుడికీ తిప్పుకునే వాళ్లకు ఎనిమిదేళ్లు, మీకు నాలుగున్నర!

మరి వద్దా అంటే, తీసుకోమనే చెబుతాను. కంపెనీ చెప్పే 27.97 మైలేజీని పక్కన పెట్టండి, ఏసీ వేసుకుని హైవే మీద పోయే మనిషికి 21 అనుకుందాం, అదే సైజు పెట్రోల్ ఆటోమేటిక్‌కు 16. లక్షా అరవై వేల కిలోమీటర్లకు దానికి 10,000 లీటర్లు కావాలి, దీనికి 7,600 చిల్లర. మన దగ్గర లీటరు 110 వేసుకుంటే మిగిలేది రెండు లక్షల అరవై వేలు. (తమిళనాడు బార్డర్ దాటి కొట్టించుకునే అలవాటు ఉంటే కాస్త తగ్గించుకోండి.) అందులోంచి హైబ్రిడ్‌కు ముందే ఎక్కువ పోసిన డబ్బు తీసేయాలి, అది ఎంతో ఒకే మోడల్‌వి రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది. నన్నడిగితే అసలు ఖర్చు ఆ తేడానే, షోరూంలోనే కట్టేస్తాం కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లు కూడా తిరగని వాళ్లకు ఆ తేడా పూడటమే గగనం, వాళ్లకు మాత్రం వద్దనే చెబుతా. మీరు పెట్రోల్‌లో మిగిలిన దాంట్లోంచి నెలకు 2,000 పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. ఐదేళ్లకు 1,20,000 అసలు, పైన వడ్డీ. వారంటీ అయిన మర్నాడే బ్యాటరీ చచ్చిపోతుందని ఎక్కడా లేదు, పోలేదంటే ఆ డబ్బు మీదే.

ప్రశ్న: తిరుమలకు యాత్రికులను తిప్పుతుంటా. సెకండ్ హ్యాండ్ ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ చూశాను. రోజూ ఘాట్ ఎక్కి దిగితే బ్యాటరీ త్వరగా పోతుందంటున్నారు. - తిరుపతి

జవాబు: ఎక్కేటప్పుడు బ్యాటరీ కాసేపు సాయం చేసి తగ్గుతుంది, తర్వాత భారమంతా ఇంజినే లాగుతుంది. పాత ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేక్ వేసినప్పుడల్లా ఛార్జ్ ఎక్కి, కొన్ని మలుపులకే మీటరులో గీతలు నిండిపోతాయి, ఇక అక్కడి నుంచి ఇంజిన్ హోరు పెరుగుతుంది. చాలామంది కంగారుపడేది అక్కడే. కంప్యూటర్ బ్యాటరీని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు, మిగతా బరువును ఇంజిన్ బ్రేకింగ్ మీదికి తోస్తుంది. అది రిపేరు కాదు.

బ్యాటరీని నిజంగా తినేది ఎండ. మే నెలలో రోజంతా ఎండలో పార్క్ చేసిన బండి, పైగా గాలి ఆడకపోతే ఇంకా చేటు. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను కారు లోపలి గాలినే పీల్చుకుంటుంది. ఆ జాలీ ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి, దానికి అడ్డంగా యాత్రికుల బ్యాగులు, లడ్డూ కవర్లు పడకుండా చూసుకోండి, దుమ్మూ వెంట్రుకలూ పట్టకుండా సర్వీస్‌లో క్లీన్ చేయించండి. కొనే ముందు సర్వీస్ హిస్టరీ తీయించి వారంటీలో ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో చూడండి, టాక్సీగా తిప్పితే షరతులు ఏమిటో వారంటీ బుక్‌లో చదవండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగాయి కదా, అలాంటి నీళ్లలో నిలిచిన బండి అయితే బేరమే పెట్టొద్దు. ఆరెంజ్ రంగు వైర్లు హై వోల్టేజివి, వాటి మీద రోడ్డు పక్కన మెకానిక్ చెయ్యి పడనివ్వకండి.

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లి నెలన్నర తర్వాత వస్తే మా హైబ్రిడ్ స్టార్ట్ కాలేదు. మెకానిక్ వచ్చి చూసి పెద్ద బ్యాటరీ పోయిందన్నాడు. - చంద్రగిరి

జవాబు: ముందు చిన్నది చూపించండి. హైబ్రిడ్‌లో కూడా మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, కంప్యూటర్లను లేపేది అదే. కారు కదలకుండా వారాల తరబడి ఉంటే అది దిగిపోతుంది, డ్యాష్‌బోర్డు మీద అడ్డదిడ్డంగా లైట్లు వెలుగుతాయి, రెడీ అని మాత్రం రాదు. దాని వోల్టేజి మీటరుతో చూసి, ఛార్జ్ చేయించి, అప్పటికీ రెడీ రాకపోతేనే షోరూంలో స్కాన్ చేయించండి. చిన్నది మార్చాల్సి వచ్చినా వేలల్లో పోతుంది, లక్షల్లో కాదు.