చుక్కలు చూసి మోసపోకు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన సీతాకోకచిలుకల ఫోటోలు రెండూ చూశాను. కొండపల్లి అడవిలో సెప్టెంబరులో తీసినదానికి రెక్కల అడుగున కళ్ళలాంటి చుక్కలున్నాయి. కొండవీడు దగ్గర ఫిబ్రవరిలో తీసినది అచ్చం ఎండుటాకు. వేర్వేరు జాతులేమోనని అడిగావు. రెండూ ఒకటే నాన్నా, కామన్ ఈవినింగ్ బ్రౌన్. శాస్త్రీయ నామం మెలానిటిస్ లీడా.

గొంగళిపురుగు దశలో తగిలిన వాతావరణాన్ని బట్టి దీని వేషం మారుతుంది. వానల్లో పుట్టినదానికి వెనక రెక్క అడుగున ఆరు చుక్కలుంటాయి. పిట్ట ముక్కు తలమీద కాకుండా ఆ చుక్కలమీద పడితే రెక్క అంచు చిరుగుతుంది, ప్రాణం దక్కుతుంది. ఎండల్లో రాలిన ఆకుల మధ్య బతకాలి కాబట్టి చుక్కలు దాదాపు మాయమవుతాయి. రంగు కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. రెండు ఎండాకులు ఒకేలా ఉండవు కదా.

అందుకే ముందు ఆకారం చూడు. రెక్కలు చాపితే 6 నుంచి 8 సెంటీమీటర్లు. ముందు రెక్క కొన దగ్గర చెక్కినట్టు కోణం తేలుతుంది, ఎండాకాలం రూపంలో అది ఇంకా పదును. వెనక రెక్కకు పొట్టి తోకలాంటి మొన. ముందు రెక్క పైవైపు నల్లమచ్చలో రెండు తెల్ల చుక్కలు, పక్కన నారింజ ఛాయ. కూర్చుంటే రెక్కలు మూసేస్తుంది కాబట్టి ఈ గుర్తు ఎగిరేటప్పుడే దొరుకుతుంది. బుష్ బ్రౌన్‌లనే సీతాకోకచిలుకలు కూడా ఇదే నీడలో తిరుగుతాయి, కానీ బాగా చిన్నవి.

పగలు వెతికి లాభం లేదు. పొద్దు వాలాక, చీకటి పడేలోపు కదులుతుంది. పగలు కాలికింద నుంచి లేచిందంటే నాలుగడుగులు ఎగిరి మళ్ళీ ఆకుల్లో పడిపోతుంది. నువ్వు పరుగెత్తావో, పోగొట్టుకున్నట్టే. పడిన చోటు మీంచి చూపు తిప్పకుండా, నీ నీడ దానిమీద పడకుండా పక్కనుంచి వెళ్ళు. తరచు ఒక పక్కకు వాలి కూర్చుంటుంది, అలా వాలితే నీడ తగ్గిపోతుంది. కాళ్ళు లెక్కపెడితే నాలుగే కనిపిస్తాయి. ముందు జత కురచబడి ఛాతీకి అతుక్కుని ఉంటుంది.

పూలచుట్టూ తిరగదు, మగ్గిన పండ్లకు వస్తుంది. బాగా మగ్గిన రెండు అరటిపండ్లు పిసికి, నిమ్మకాయంత బెల్లం, ఉంటే చెంచాడు తాటికల్లు కలిపి ఒకరోజు మూతపెట్టు. పొద్దు వాలకముందే పొదల నీడలో పళ్ళెంలో పెట్టు. చీమలు పట్టకుండా ఆ పళ్ళేన్ని నీళ్ళున్న పెద్ద పళ్ళెంలో ఉంచు. టార్చి నేరుగా వెయ్యకు, లేచిపోతుంది.

పెంచి చూడాలంటే వరి, జొన్న ఆకుల్లోనూ నీడ గడ్డిలోనూ వెతుకు. తలమీద రెండు కొమ్ములు, వెనక రెండు మొనలు ఉన్న ఆకుపచ్చ పురుగు. గడ్డి పరకలు నీళ్ళ సీసాలో నిలబెట్టి మూతి దూదితో బిగించు, లేకపోతే పురుగు జారి మునిగిపోతుంది. మందు కొట్టిన చేనుది ససేమిరా పెట్టకు. ప్యూపా, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే దశ, తలకిందులుగా వేలాడుతుంది. దానికింద కనీసం జానెడు ఖాళీ ఉంచు. బయటికొచ్చాక రెక్కలు వేలాడి ఆరాలి, చోటు చాలకపోతే ముడతలుపడి ఎగరలేదు. ఆరిన రోజు సాయంత్రమే, పట్టిన చోటే వదిలిపెట్టు.

మీ పెదనాన్న
గుంటూరు