ఏ ఇనుము, ఏ స్థానంలో?

ప్రశ్న: మేము తయారుచేసిన మాగ్నటైట్ (ఒక ఇనుప ఆక్సైడ్) నానో కణాల అయస్కాంతత్వం వీఎస్‌ఎంలో (నమూనాను కంపింపజేసి అయస్కాంతత్వాన్ని కొలిచే పరికరం) బాగా తక్కువగా వచ్చింది. స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో లోపమేమీ కనిపించలేదు. ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ చేయించమని మా గైడ్ అంటున్నారు. దానివల్ల కొత్తగా తెలిసేదేమిటి?
— పరిశోధక విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

జవాబు: మీ గైడ్ చెప్పింది సరైన మాట. వీఎస్‌ఎం నమూనా మొత్తం అయస్కాంతత్వాన్ని ఒకే అంకెగా ఇస్తుంది. అది ఏ పరమాణువుల నుంచి వచ్చిందో చెప్పలేదు. మాగ్నటైట్, అది ఆక్సీకరణం చెందితే ఏర్పడే మాగ్హెమైట్, రెండూ స్పినెల్ అనే ఒకే తరహా స్ఫటిక నిర్మాణం కలవే కనుక, నానో కణాల వెడల్పాటి డిఫ్రాక్షన్ శిఖరాల్లో వాటిని వేరుచేయడం చాలా కష్టం.

ఎక్స్‌రే శోషణలో మాత్రం ప్రతి మూలకానికీ తనదైన శక్తి ఉంటుంది: ఇనుము ఎల్3 అంచు (శోషణ ఒక్కసారిగా పెరిగే శక్తి) సుమారు 707 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, కోబాల్ట్‌ది 778 దగ్గర వస్తాయి. వృత్తాకార ధ్రువణం గల ఎక్స్‌రేలను కుడికి తిరిగేవి, ఎడమకు తిరిగేవి విడివిడిగా పంపి, రెండు శోషణల మధ్య తేడా తీస్తే ఆ మూలకపు అయస్కాంతత్వం ఒక్కటే మిగులుతుంది. దీన్నే ఎక్స్‌ఎంసీడీ (ఎక్స్‌రే మాగ్నెటిక్ సర్క్యులర్ డైక్రోయిజం) అంటారు. గిసెలా షుట్జ్ బృందం 1987లో ఇనుములో దీన్ని తొలిసారి చూపింది. సమ్ రూల్స్ అనే సూత్రాలతో ఆ అయస్కాంతత్వంలో ఎలక్ట్రాన్ల స్పిన్ వల్ల, కక్ష్యా చలనం వల్ల వచ్చే భాగాలను వేరుగా లెక్కించవచ్చు.

మీకు అసలు పనికొచ్చేది ఎల్3 దగ్గరి ఎక్స్‌ఎంసీడీ వక్రరేఖ. మాగ్నటైట్‌లో అది కిందికి, పైకి, మళ్లీ కిందికి మూడు శిఖరాలుగా కనిపిస్తుంది. మొదటిది ప్రధానంగా అష్టముఖి స్థానంలోని (చుట్టూ ఆరు ఆక్సిజన్లు) ఫెర్రస్ (Fe²⁺) అయాన్లది, నడిమిది చతుర్ముఖి స్థానంలో (చుట్టూ నాలుగు ఆక్సిజన్లు) ఎదురు దిశలో నిలిచిన ఫెర్రిక్ (Fe³⁺) అయాన్లది, మూడోది అష్టముఖి ఫెర్రిక్ అయాన్లది. మొదటి శిఖరం కుంచించుకుపోయిందంటే మీ కణాలు మాగ్హెమైట్ వైపు మారాయని అర్థం. అది సరిగానే ఉండి అయస్కాంతత్వం మాత్రం తగ్గితే, ఉపరితలంలోని స్పిన్‌లు వంకరగా తిరగడాన్ని అనుమానించాలి.

దీనికి సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వేగంగా తిప్పి తీవ్రమైన ఎక్స్‌రేలను పుట్టించే యంత్రం) కావాలి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో మృదు (తక్కువ శక్తి గల) ఎక్స్‌రే శోషణకు బీమ్‌లైన్ (కొలతల కేంద్రం) ఉంది. ధ్రువణ సౌకర్యం మీ కొలతకు సరిపోతుందో లేదో దరఖాస్తుకు ముందే కనుక్కోండి. ఎక్స్‌రేలు తగిలినప్పుడు నమూనా నుంచి వెలువడే ఎలక్ట్రాన్ల దిగుబడిని కొలిచే పద్ధతి పైనున్న కొన్ని నానోమీటర్లనే చూస్తుంది కనుక, పొడిని హైదరాబాద్ నుంచి ఆర్గాన్ నింపిన సీసాలోనే తీసుకెళ్లాలి. లేకపోతే దారిలో గాలి తగిలి పట్టిన ఆక్సైడ్ పొరే మీ ఫలితంగా కనిపిస్తుంది. పొడిని కార్బన్ టేపుపై పలచగా, ఖాళీలు లేకుండా అద్దండి. మందంగా ఉంటే విద్యుదావేశం పేరుకుని సంకేతం చెడుతుంది. అదే బ్యాచ్‌లో కొంత పొడిని అదే విధంగా భద్రపరిచి, తిరిగి వచ్చాక వీఎస్‌ఎంలో మళ్లీ కొలవండి.