పిడుదులు ఏరడానికి వెళ్లిన ప్రొఫెసర్

ప్ర: వెటర్నరీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జీకే పుస్తకాల్లో వంగారి మాథాయ్ అంటే 'కెన్యాలో చెట్లు నాటించిన మహిళ, 2004 నోబెల్ శాంతి బహుమతి' అని రెండు ముక్కలే ఉంటాయి. ఆవిడ పశువుల అనాటమీ ప్రొఫెసర్ అని మా సీనియర్ అంటోంది. నిజమేనా?
– ఒక విద్యార్థిని, గన్నవరం

జ: నూటికి నూరుపాళ్లూ నిజం. అసలు ఆ చెట్ల కథ మొదలైందే మీ సబ్జెక్టులోంచమ్మా.

1940లో కెన్యాలోని న్యేరి ప్రాంతంలో, ఇహితే అనే పల్లెలో పుట్టారు. 1960లో స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి కాన్సస్‌లో బయాలజీ డిగ్రీ, పిట్స్‌బర్గ్‌లో మాస్టర్స్ చేశారు. కణజాలాన్ని మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటం, అంటే మీరు హిస్టాలజీ ల్యాబులో చేసే పనే, ఆవిడకి అక్కడే చేతికొచ్చింది. నైరోబీలో జువాలజీ విభాగంలో ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వస్తే 1966 జనవరిలో తిరిగొచ్చారు. తీరా వెళ్లి నిలబడితే ఆ ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. ఆడదాన్నవడం వల్లా, వాళ్ల తెగ దాన్ని కాకపోవడం వల్లా పోయిందని ఆవిడ నమ్మారు. నాకైతే ఇది చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. చివరికి నైరోబీలోనే వెటర్నరీ అనాటమీ విభాగంలో ఉన్న జర్మన్ ప్రొఫెసర్ హాఫ్‌మన్ తీసుకున్నారు, స్లైడ్ల పని తెలిసిన మనిషి కావలసొచ్చి. ఆయన ప్రోత్సాహంతోనే జర్మనీ వెళ్లి పరిశోధన చేసి, 1971లో నైరోబీ నుంచి పీహెచ్‌డీ పట్టా తీసుకున్నారు. తూర్పు, మధ్య ఆఫ్రికా మొత్తంలో డాక్టరేట్ అందుకున్న తొలి మహిళ ఆవిడే. 1976లో అదే విభాగానికి అధిపతి అయ్యారు. పెళ్లయిన ఆడ లెక్చరర్లకి ఇల్లు భర్తే చూసుకుంటాడని యూనివర్సిటీ క్వార్టర్స్ ఇచ్చేవారు కాదు, దానిమీద కూడా గట్టిగా పోట్లాడారు.

ఇక పిడుదుల, అంటే గోమార్ల సంగతి. పిడుదుల వల్ల పశువులకొచ్చే ఈస్ట్ కోస్ట్ ఫీవర్ మీద 1970ల మొదట్లో పని చేస్తూ ఆవిడ పల్లెలు తిరిగేవారు. మన దగ్గర సంకర జాతి ఆవులకి గోమార్ల వల్ల వచ్చే థైలీరియాసిస్ మీకు తెలిసే ఉంటుంది, దానికి దగ్గర చుట్టం ఇది. ఆవు చెవిలోంచి పిడుదులు ఏరుతున్న మనిషికి ఆ ఆవు పక్కటెముకలు కనిపించాయి. మేయడానికి గడ్డి లేదు. వాన పడితే పొలాల్లో మట్టంతా కొట్టుకొచ్చి ఏరు ఎర్రగా పారుతోంది. చిన్నప్పుడు అమ్మ 'అది దేవుడి చెట్టు, దాని పుల్ల కూడా ఏరకూడదు' అన్న పెద్ద మేడిజాతి చెట్టుని ఎవరో కొట్టేశారు, దాని పక్కన ఉండే నీటి ఊట ఎండిపోయింది. పశువులకి పిడుదుల కన్నా పెద్ద ముప్పు ఇదేనని ఆవిడకి అర్థమైంది. చూడండి, ఇది ల్యాబులో అలవాటైన చూపే, ఒక లక్షణం దగ్గర ఆగకుండా దాని వెనకున్న కారణం దాకా పోవడం.

1977 జూన్ 5న నైరోబీలో ఏడు మొక్కలు నాటారు. గ్రీన్ బెల్ట్ ఉద్యమం అక్కడ మొదలైంది. మొక్కలు పెంచాలంటే డిప్లొమా ఉండాలని అటవీ అధికారులంటే, విత్తనం వేసి మొలకెత్తించడం రైతు ఆడవాళ్లకి ఎవరు నేర్పాలని ఆవిడే వాళ్లకి దారి చూపించారు. పగిలిన కుండల్లో, పాత డబ్బాల్లో నారు పోశారు వాళ్లు. నాటిన మొక్క బతికితేనే మొక్కకింత అని డబ్బులిచ్చేవారు. నోబెల్ వచ్చేనాటికి అవి 3 కోట్లు దాటాయి.

ప్ర: మాథాయ్ అంటే కేరళ పేరులా ఉంది. మనవాళ్లతో చుట్టరికం ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జ: లేదండీ, అది భర్త ఇంటిపేరు. విడాకులయ్యాక తన పేరు వాడొద్దని ఆయన పట్టుబట్టారు. అప్పటికి ఆ పేరుతోనే చదువు చెప్పారు, డాక్టరేట్ తీసుకున్నారు. అందుకని పేరు వదులుకోకుండా 'మథాయ్'లో ఇంకో 'ఎ' కలిపి, మన లెక్కలో ఒక దీర్ఘం తగిలించి, 'మాథాయ్' అయ్యారు. నోబెల్ బహుమతి వచ్చింది ఆ దీర్ఘమున్న పేరుకే.