కనకాంబరాలు తడిమి కోసే పిల్లాడు

ప్రశ్న: మా వాడు ఏడో తరగతి. పోయిన నెల స్కూల్లో కంటి పరీక్షలు పెట్టి, చుక్కల మధ్య అంకెలుండే పుస్తకం చూపించారట. అందరూ 74 అన్నచోట వీడు 21 అన్నాడని, కలర్ బ్లైండ్‌నెస్ అని చీటీ రాసి పంపారు. సాయంత్రం కనకాంబరాలు కోయమంటే చెట్టులో చెయ్యి పెట్టి తడుముతుంటే ఇన్నాళ్ళూ బద్ధకం అనుకుని తిట్టాను. మా నాన్నగారు కూడా పండుమిరపకాయలు కోయమంటే పచ్చివి కలిపి తెచ్చేవారు. "మా వంశంలో ఇలాంటివి లేవు" అంటున్నారు మా అత్తగారు. ఇది నా వల్లే వచ్చిందా? స్కూల్లో ఎంతమందికి ఉంటుంది? మా పాపకీ వస్తుందా? వీడికి మా తమ్ముడి కూతుర్ని చేసుకోవాలని అనుకుంటున్నాం, మానుకోవాలా?
– ఒక తల్లి, అమలాపురం దగ్గర పల్లె

జవాబు: ముందు ఆ తిట్లు మర్చిపోండమ్మా, వాడైతే ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు. నారింజ రంగు పువ్వు, పచ్చటి ఆకు వాడి కంటికి దగ్గరదగ్గరగా కనబడతాయి, అందుకే చేత్తో వెతుక్కున్నాడు. నన్నడిగితే అది తెలివే.

మీ అత్తగారి మాట వినడానికి కష్టంగా ఉన్నా లెక్క ప్రకారం నిజమే, ఇది మీ వైపు నుంచే వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టే జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ అనే పోగు మీద ఉంటాయి, కొడుక్కి ఆ ఎక్స్ తల్లి నుంచి తప్ప తండ్రి నుంచి రాదు. మీ నాన్నగారి నుంచి మీకు, మీ నుంచి వాడికి వచ్చి ఉంటుంది. మీకు రెండు ఎక్స్‌లు ఉన్నాయి కాబట్టి రెండోది కాపాడింది, వాడికున్నది ఒక్కటే. ఇందులో తప్పేముంది, మీ ముక్కు మీ నాన్నగారి ముక్కులా ఉంటే అది మీ తప్పా? గ్రహణం, ఫోను, కడుపుతో ఉన్నప్పుడు తిన్నవి, వీటికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఎంతమందికి అంటే, యూరప్ మగవాళ్ళలో 100కి దాదాపు 8 మందికి ఉంటుంది. మన దేశంలో స్కూలు పిల్లల్ని పరీక్షించిన చోట్ల మగపిల్లల్లో ఎక్కువగా 2 నుంచి 5 శాతం మధ్య తేలుతోంది, కొన్నిచోట్ల అంతకు మించి కూడా. 4 శాతం అనుకోండి, మీ ఊరి హైస్కూల్లో 300 మంది మగపిల్లలుంటే పన్నెండు మంది. అంటే మీ వాడి సెక్షన్లోనే ఇంకొకడు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆడపిల్లకి రావాలంటే రెండు ఎక్స్‌లూ దెబ్బతినాలి కదా, 4 శాతాన్ని 4 శాతంతో హెచ్చిస్తే 10,000 మందిలో 16 మంది, కాబట్టి 300 మంది ఆడపిల్లల్లో ఒకరు ఉంటే ఉన్నట్టు. కానీ అదే 300 మందిలో మీలాగా తమకి లేకుండా మోసేవాళ్ళు ఇరవై మందికి పైనే ఉంటారు.

మరి ఇంతమంది ఎందుకు బయటపడరంటే, మనం అడిగే పద్ధతి అలాంటిది. ఆకు చూపించి ఇదేం రంగు అంటే ఎవడైనా ఆకుపచ్చ అనే అంటాడు, అది కన్ను చెప్పింది కాదు, ఒకటో తరగతిలో బట్టీ పట్టింది. ఈ గొడవ లేకుండా చేసినవాడు షినోబు ఇషిహారా అనే జపాన్ డాక్టరు, 1917లో వేసిన ఆయన చుక్కల పుస్తకమే మీ వాడికి చూపించింది. ఫోన్లో వచ్చే టెస్టులు నమ్మకండి, స్క్రీన్ రంగులే ఒక్కో ఫోనుకి ఒక్కోలా ఉంటాయి.

మీ పాపకి రాదు, మీవారికి రంగులు బాగానే తెలుస్తుంటే. మోసే అవకాశం మాత్రం సగానికి సగం.

ఇక మేనరికం. పిఠాపురంలో పుట్టిన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు గారు 1960లలో, ఇంగ్లండు నుంచి వచ్చి మన దేశంలో స్థిరపడ్డ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడిగా ఆంధ్రలో మేనరికాల మీద పనిచేశారు, కాబట్టి మన గోదావరి వాళ్ళకి ఈ ప్రశ్న కొత్తేం కాదు. మీ విషయంలో తమాషా ఏంటంటే, మీ తమ్ముడి ఎక్స్ మీ అమ్మగారిది, నాన్నగారిది కాదు. అందుకని ఈ లోపం అతనికీ అతని కూతురికీ మీ నాన్నగారి నుంచి వెళ్ళదు. అదే రేపు మీ పాపకి కూతురు పుట్టి ఆ పిల్లని మీ వాడికి ఇస్తామంటే అప్పుడు ఆలోచించాలి. అయితే మేనరికంతో పెరిగే వేరే జబ్బులు చాలా ఉన్నాయి, వాటికోసమైనా నేను వద్దనే అంటాను.

మందు లేదు, ఆపరేషన్ లేదు, రంగు కళ్ళద్దాలకి వేలు పోయకండి, అవి కొన్ని తేడాలు ఎత్తి చూపిస్తాయే గానీ నయం చేయవు. ఆ డబ్బుతో వాడికి సైకిల్ కొనండి. సోషల్ మాస్టారికి మాత్రం తప్పకుండా చెప్పండి, మ్యాపులో పచ్చగా ఉండే మన డెల్టా, గోధుమ రంగు పీఠభూమి వాడికి ఒకటే అయిపోయి మార్కులు పోతాయి. రైలు నడపడం, విమానం నడపడం లాంటి ఉద్యోగాలు కుదరకపోవచ్చు, పదో తరగతిలోపే తెలిసింది కాబట్టి వేరే దారి చూసుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు గురించి టెన్షన్ వద్దు, కొద్దిగా, మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చని 2020లో కేంద్రం రూల్స్ మార్చింది.

ఒక్క మాట. పైన చెప్పినదంతా మీ నాన్నగారి మిరపకాయల మీద ఆధారపడిన లెక్క. ఆయన ఉంటే కంటి డాక్టరు దగ్గర అదే పుస్తకం చూపించండి. ఆయనా 21 అంటే సరే. 74 అన్నారనుకోండి, అప్పుడిది మీ అమ్మగారి వైపు నుంచి వచ్చి ఉండొచ్చు కాబట్టి మీ తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టాలి.